సొమ్ము మన్యానిది, మాటా మన్యానిదే కావాలి

చలికాలం వచ్చిందంటే విశాఖపట్నం నుంచి అరకు దాకా ఉన్న 115 కిలోమీటర్ల దారి శని, ఆదివారాల్లో కార్లతో నిండిపోతుంది. అనంతగిరి ఘాట్ మలుపుల్లో బండి వెనక బండి ఆగిపోతుంది. లంబసింగిలో మంచు పడిందని టీవీలో ఒక్క ముక్క వస్తే చాలు, నర్సీపట్నం వైపు నుంచి జనం రాత్రికి రాత్రే బయల్దేరతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఏటా ఒక మాట వినిపిస్తుంది. పెట్టుబడిదారుల సభల్లో, పత్రికల పేజీల్లో, ఇంటి అరుగుల మీద కూడా అదే మాట. "దేవుడు మన్యానికి అన్నీ ఇచ్చాడు, మనమే ఏమీ కట్టలేదు. ఓ రోప్‌వే వేసి, ఓ అద్దాల వంతెన కట్టి, నాలుగు పెద్ద రిసార్టులు తెస్తే అరకు ఇంకో ఊటీ అవుతుంది. గిరిజనుల బతుకులు మారిపోతాయి. ఆ 1/70 చట్టం ఒక్కటే అడ్డు."

ఈ వాదనను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. దీన్ని నమ్మేవాళ్ళలో భూమి మీద కన్నేసినవాళ్ళే కాదు, మన్యం బాగుపడాలని మనసారా కోరుకునేవాళ్ళూ ఉన్నారు. గనుల తవ్వకంతో పోలిస్తే పర్యాటకం పొగ రాని పరిశ్రమ అని వాళ్ళు అంటారు. కొండను తవ్వడం కన్నా కొండను చూపించడం మేలు కదా అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. అందుకే దీన్ని విడమరిచి చూడాలి. విడదీస్తే ఇందులో మూడు నమ్మకాలు కనిపిస్తాయి. మన్యంలో చూడటానికి ఉన్నది చాలదు, కొత్తగా కట్టాలన్నది మొదటిది. బయటి పెట్టుబడి వస్తే ఆ ఫలితం గిరిజనుడికి తప్పక చేరుతుందన్నది రెండోది. భూమి చట్టం ఉన్నంత కాలం అభివృద్ధి రాదన్నది మూడోది. ఈ మూడూ తప్పే. మన్యంలో ఇప్పటిదాకా జరిగిందే ఆ సంగతి చెబుతోంది.

మొదటి నమ్మకం సంగతి చూద్దాం. పదేళ్ళ కిందట వంజంగి పేరు విశాఖలో ఎంతమందికి తెలుసు? పాడేరు పక్కన ఉన్న చిన్న గిరిజన గ్రామం అది. అక్కడి కొండ ఊరివాళ్ళకు బోనంగమ్మ కొండ. అక్కడ ఎవరూ రోప్‌వే వేయలేదు, వంతెన కట్టలేదు, కోట్లు పెట్టి ప్రచారమూ చేయలేదు. తెల్లారే వేళకు లోయంతా మేఘాలు పాలసముద్రంలా పరుచుకోవడం ఎవరో ఫోన్‌లో తీశారు. అది పదిమందికీ చేరింది. ఆ తర్వాత జనం ఆగలేదు.

ఓ డిసెంబరు ఆదివారం నేనూ వెళ్ళాను. తెల్లవారుజామున నాలుగు గంటలకే కొండ కింద బళ్ళు ఆపడానికి చోటు లేదు. చీకట్లో సెల్‌ఫోన్ లైట్లు బారులు తీరి పైకి కదులుతున్నాయి. సగం దారిలో టార్పాలిన్ కింద ఒక పెద్దావిడ మూడు రాళ్ళ పొయ్యి మీద టీ కాస్తోంది. బేరం బాగుందా అమ్మా అని అడిగాను. "బేరానికేటి బాబూ, బాగానే ఉంటాది. జనాలెల్లిపోయాక సూడాల. కొండంతా సీసాలే, కవర్లే. మా పశులు అటే మేత్తాయి. సోమోరం పొద్దల్లా ఏరినా తరగదు" అంది. సూర్యోదయం అయ్యాక కిందికి దిగుతూ చూశాను. ఆమె చెప్పింది నిజం. మేఘం కరిగిన చోటల్లా ప్లాస్టిక్ తేలింది. ఆడవాళ్ళు వెళ్ళడానికి మరుగైన చోటు లేక పొదల వెంట తిరుగుతున్నారు.

వంజంగికి జనం లోటు ఎక్కడుంది? అక్కడ లేనివి మరుగుదొడ్డి, చెత్తబుట్ట, రోజుకు ఎంతమంది ఎక్కాలో చెప్పే ఒక లెక్క, ఆ లెక్క చెప్పే అధికారం ఉన్న ఊరి పెద్దలు. ఈ నాలుగింటిలో ఏదీ ఆకర్షణ కిందికి రాదు కాబట్టి ఎవరి ప్రణాళికలోనూ ముందు వరసలో ఉండదు. ఇల్లు అలకగానే పండగ కాదంటారు. మనం ఇల్లు అలక్కుండానే చుట్టాలందరినీ పిలిచేశాం. ఇప్పుడు ఇంకా పెద్ద పందిరి వేద్దామంటున్నాం.

"ఇంకో ఊటీ" అనే మాట తీసుకోండి. అరకును ఆంధ్రా ఊటీ అని, లంబసింగిని ఆంధ్రా కాశ్మీర్ అని పిలవడం మనకు గొప్పగా ఉంటుంది. ఊటీ ఇవాళ ఏ స్థితిలో ఉందో ఆ పేరు పెట్టేవాళ్ళు చూశారా? నీలగిరి కొండలు బళ్ళ తాకిడి తట్టుకోలేని దశకు చేరితే మద్రాసు హైకోర్టు కలగజేసుకోవలసి వచ్చింది. 2024 మే నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కు వెళ్ళాలంటే ఈ-పాస్ తప్పనిసరి చేశారు. 2025 వేసవిలో నీలగిరులకు మామూలు రోజుల్లో 6,000 బళ్ళు, వారాంతాల్లో 8,000 బళ్ళు మించరాదని కోర్టే హద్దు గీసింది. కట్టుకుంటూ పోయి, రమ్మంటూ పోయి, చివరకు రావద్దని చెప్పుకోవలసిన గతి పట్టిన ఊరు మనకు ఆదర్శమా? ఊటీ నుంచి మనం నేర్చుకోవలసిన పాఠం ఒకటుంది. హద్దు ముందే గీసుకోవాలి. కొండ పాడయ్యాక గీసిన హద్దు వల్ల పోయిన అడవి తిరిగి రాదు.

అసలు ఈ అరువు పేర్లే మన చూపులోని లోపాన్ని బయటపెడుతున్నాయి. లంబసింగికి అక్కడి జనం పెట్టుకున్న పేరు కొర్రబయలు. కొర్ర అంటే కర్ర. ఆరుబయట నిలబడితే మనిషి కర్రలా బిగుసుకుపోయే చోటు అని దానికి అర్థం చెబుతారు. ఆ ఒక్క మాటలో ఆ ఊరి చలి ఉంది, ఆ చలిలో తరతరాలుగా బతికిన మనుషుల అనుభవం ఉంది. ఇంత మంచి పేరు చేతిలో ఉండగా ఎక్కడో ఉన్న కాశ్మీరు పేరు తెచ్చి తగిలించాం. ఊరి పేరే పట్టనివాళ్ళకు ఊరివాళ్ళ మాట పడుతుందా?

బొర్రా గుహల కథా ఇంతే. 1807లో విలియం కింగ్ అనే భూగర్భ సర్వే అధికారి వాటిని కనిపెట్టాడని పర్యాటక పుస్తకాలు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకుంటూ వచ్చాయి. భారత భూగర్భ సర్వే సంస్థ పుట్టిందే 1851లో. పుట్టని సంస్థలో అధికారి ఎలా ఉంటాడని కూడా ఎవరూ ఆలోచించలేదు. అక్కడి గిరిజనులు మాత్రం మేతకు వెళ్ళిన ఆవు కొండ కన్నంలో పడిపోయిందని, దాన్ని వెతుక్కుంటూ దిగిన కాపరికి లోపల శివలింగంలాంటి రాయి కనిపించిందని చెప్పుకుంటారు. ఆ కథకు తేదీ లేదు. ఉండనవసరమూ లేదు. గోస్తని నీళ్ళు యుగాల పాటు సున్నపురాయిని కరిగించి తొలిచిన ఆ గుహలు, పక్కనే పశువులు కాసుకునేవాళ్ళకు తెలియకుండా ఏ దొరకోసమో ఎదురుచూడలేదు. మన్యంలో ఉన్నదాన్ని బయటివాడు వచ్చి చూస్తేనే అది ఉన్నట్టు లెక్క అన్న ఆలోచన ఇవాళ్టి ప్రణాళికల్లోనూ ఉంది.

ఇక రెండో నమ్మకం. బయటి నుంచి పెట్టుబడి వస్తుంది, దానితో రోడ్లొస్తాయి, ఉద్యోగాలొస్తాయి, గిరిజనుడు బాగుపడతాడు అంటారు. మన్యంలోకి దారులు రావడం కొత్త కాదు. ఆ దారులు ఎందుకొచ్చాయో, ఏం మోసుకెళ్ళాయో చూడండి.

ఇవాళ మంచు చూడటానికి మనం కార్లలో ఎక్కుతున్న నర్సీపట్నం - లంబసింగి దారికి ఒక చరిత్ర ఉంది. నూరేళ్ళ కిందట గూడెం తహసీల్దారుగా ఉన్న బాస్టియన్ ఆ రోడ్డు పనిలో గిరిజనుల చేత, న్యాయమైన కూలి ఇవ్వకుండా వెట్టిగా చాకిరీ చేయించాడు. పోడు మీద, అడవి మీద ఆంక్షలు అప్పటికే వాళ్ళ గొంతు నొక్కుతున్నాయి. ఆ కడుపుమంటే అల్లూరి సీతారామరాజు పితూరీకి నిప్పు అయింది. గాము గంటందొర, మల్లుదొర లాంటివాళ్ళు ఆయన వెంట నడిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడులు జరిగాయి. మనం ఆయన విగ్రహాలకు దండలు వేస్తున్నాం, జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం. ఆ పోరాటానికి మూలమైన ప్రశ్నను మాత్రం మరిచిపోయాం. ఈ దారి ఎవరి కోసం? ఈ పని ఎవరిని అడిగి మొదలుపెట్టారు?

అరకు రైలు సంగతీ చూడండి. కొత్తవలస నుంచి కిరండోల్ దాకా 58 సొరంగాల్లోంచి సాగే ఆ లైను ఇంజనీర్ల నేర్పుకు గొప్ప సాక్ష్యం. ఎవరూ కాదనరు. కానీ 1960లలో దాన్ని వేసింది బైలదిల్లా ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపానుకు పంపడానికి. 2017లో దానికి అద్దాల పెట్టె తగిలించారు, మనం కూర్చుని లోయలు చూస్తున్నాం. ఇన్నేళ్ళలో అదే లైను పక్కన కొండల మీది ఎన్నో గూడేలకు దారి రాలేదు. ఇవాళ్టికీ నెలలు నిండిన ఆడమనిషిని డోలీలో మోసుకుంటూ కొండ దిగే దృశ్యం మన్యంలో అపురూపమేమీ కాదు. రెండు కర్రలు, ఒక దుప్పటి, నలుగురు మగవాళ్ళు, కాలు జారితే లోయ. వ్యూ పాయింట్ దాకా తారు పడి, ఆ పక్క కొండ మీది గూడేనికి కాలిబాటే మిగిలితే, ఆ తారు గిరిజనుడి కోసం పడిందని చెప్పడం అబద్ధం.

అయితే రోడ్లు వద్దా? కావాలి. తప్పకుండా కావాలి. ముందు డోలీ మోసే దారిలో వేయండి. పర్యాటకుడు ఒక గంట ఆలస్యంగా మేఘాలు చూస్తే నష్టం లేదు. పురిటి నొప్పులకు ఆ గంట ఉండదు.

ఉద్యోగాల లెక్క కూడా చూద్దాం. పెద్ద రిసార్టు వస్తే గిరిజన యువతకు ఏ పని దొరుకుతుంది? గదులు తుడవడం, గేటు దగ్గర నిలబడటం, అతిథుల ముందు థింసా ఆడటం. పని ఏదైనా గౌరవమైనదే. కానీ ఇప్పటిదాకా తన భూమి మీద తానే యజమానిగా ఉన్నవాణ్ని అదే భూమి మీద జీతగాణ్ని చేసి, దానికి అభివృద్ధి అని పేరు పెట్టడం న్యాయం కాదు.

థింసా సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. చైత్రమాసంలో ఇటుకల పండగ వస్తే మగవాళ్ళు వేటకు అడవికి వెళ్తారు, ఊళ్ళో ఆడవాళ్ళు ఒకరి నడుం వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసి గొలుసుకట్టుగా ఆడతారు. తుడుము, కిరిడి, మోరి మోగుతాయి. పెళ్ళిళ్ళకూ అదే ఆట. బగత, వాల్మీకి, పోర్జ, కొండదొర, కోటియ ఇలా ఎన్నో తెగలవాళ్ళు కలిసి ఆడే ఆట అది. ఎవరూ విడిగా ముందుకు వచ్చి మెరవరు, ఎవరూ వెనకబడరు. మాడగడ దగ్గర ఓ ఉదయం నేను చూసింది వేరు. కారు ఆగిన ప్రతిసారీ ఆరేడుగురు ఆడవాళ్ళు లేచి ఆట మొదలుపెడుతున్నారు. ఫోన్‌లో సరిగా పడలేదని ఒకాయన మధ్యలో ఆపించి మళ్ళీ మొదటినుంచి ఆడమన్నాడు. వాళ్ళు మారుమాట్లాడకుండా ఆడారు. పక్కన మా ఊరి పిల్లలు అద్దెకు తీసుకున్న గిరిజన కట్టు, మెడలో పూసలు వేసుకుని ఫొటోలు దిగుతున్నారు. ఆ ఆడవాళ్ళు డబ్బు తీసుకోవడం తప్పని నేను అనడం లేదు. ఆ డబ్బు వాళ్ళకు అవసరం, అది వాళ్ళ హక్కు కూడా. ఎప్పుడు ఆడాలో, ఎంతసేపు ఆడాలో, ఎంత పుచ్చుకోవాలో వాళ్ళే చెప్పగలిగితే అది జీవనోపాధి. కారు ఆగినప్పుడల్లా లేవాల్సి వస్తే అది ఉపాధి అనిపించుకోదు.

మూడో నమ్మకం అన్నిటికన్నా ప్రమాదకరమైనది. 1/70 అడ్డు అనే మాట. ఏమిటా చట్టం? షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు నిబంధన 1959లో వచ్చింది. 1970లో ఒకటో నిబంధనగా దాన్ని సవరించి గట్టిపరిచారు. ఆ సవరణతో గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోవడం చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది మొదట గిరిజనుడిదేనన్నది చట్టం చేసుకునే ఊహ. కాదని రుజువు చేసే బాధ్యత ఆ గిరిజనేతరుడిదే. ఈ చట్టం గిరిజనుడు తన నేలలో ఇల్లు కట్టుకుని అతిథికి గది ఇవ్వడాన్ని ఆపడం లేదు. గిరిజన మహిళా సంఘం హోటల్ పెట్టుకోవడాన్ని ఆపడం లేదు. ఆపుతున్నది ఒక్కటే, ఆ నేల చెయ్యి మారడాన్ని. కాబట్టి 1/70 పర్యాటకానికి అడ్డు అనేవాళ్ళు నిజంగా చెబుతున్నది వేరు. గిరిజనుడే యజమానిగా ఉండే పర్యాటకాన్ని వాళ్ళు పర్యాటకంగా లెక్కపెట్టడం లేదు.

పర్యాటకం కోసం 1/70 సవరించాలన్న మాట పైకి వచ్చినప్పుడు, 2025 ఫిబ్రవరిలో మన్యం బంద్ పాటించింది. ఆ చట్టాన్ని తీసేసే ఆలోచన లేదని ప్రభుత్వం చెప్పవలసి వచ్చింది. బంద్‌లో కూర్చున్నవాళ్ళను అభివృద్ధి నిరోధకులన్నవాళ్ళు ఉన్నారు. అలా అన్నవాళ్ళకు కాఫీ గింజే జవాబు చెబుతుంది.

ఇవాళ విశాఖ మన్యంలో లక్ష ఎకరాలకు పైగా కాఫీ సాగవుతోంది. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్టు మాను మీదికి ఎగబాకిన మిరియం తీగ. మొక్క నాటాక మూడు నాలుగేళ్ళు కాపాడితే గాని కాపుకు రాదు. నవంబరు నుంచి పండిన ఎర్ర పండు ఒక్కొక్కటే ఏరి కోస్తారు. పచ్చిది కలిస్తే రుచి చెడుతుంది. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) మొక్కలిచ్చింది, కాఫీ బోర్డు సాగు నేర్పింది, 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేసింది, నాంది ఫౌండేషన్ రైతులను సహకార సంఘంగా కూడగట్టింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరుచుకుంది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇదంతా ఏ చట్టం కింద జరిగింది? 1/70 చెక్కుచెదరకుండా ఉండగానే జరిగింది. భూమి ఒక్క ఎకరం చెయ్యి మారనవసరం లేకుండా, రైతు రైతుగానే ఉండి, ఆ ఊరి పేరు పారిస్ దాకా పోయింది. బయటివాళ్ళు సాయం చేశారు, కొన్నారు, అమ్మిపెట్టారు. నేల మాత్రం అడగలేదు. మన్యంలో నిలిచి గెలిచిన అభివృద్ధి ఏదైనా ఉందంటే అది ఇదే. పర్యాటకం ఈ దారిన ఎందుకు నడవకూడదు?

పైగా కాఫీ పండు కోతకొచ్చే నెలలే మన పర్యాటకం జోరుగా సాగే నెలలు. పండు కోయాల్సిన చేతులు వ్యూ పాయింట్ల దగ్గర చిల్లర బేరాలకు మళ్ళితే ఎవరికి లాభం? అతిథిని ఆ కాఫీ తోటకే తీసుకెళ్ళి, పండు కోత చూపించి, అక్కడే వేయించి పొడి కొట్టిన కాఫీ కాచి ఇస్తే, ఆ గింజ విలువ రైతు ఇంట్లోనే పెరుగుతుంది. దీనికి అద్దాల వంతెన అక్కర్లేదు.

ఇక న్యాయం మాట. బొర్రా గుహల చుట్టుపక్కల కాల్సైట్ గనుల లీజుల మీద సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1997 జులై 11న వచ్చిన ఆ తీర్పు దేశమంతటా గిరిజన హక్కులకు పునాదిరాయి అయింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని కోర్టు చెప్పింది. అక్కడ వచ్చే నికర లాభాల్లో కనీసం 20 శాతాన్ని ఆ ప్రాంతపు నీళ్ళకు, బడులకు, ఆస్పత్రులకు, రవాణాకు శాశ్వత నిధిగా పక్కన పెట్టాలనీ చెప్పింది. ఆ తీర్పు గనుల కేసులో వచ్చింది. కానీ అందులోని న్యాయం గనులతోనే ఆగిపోదు. కొండను తవ్వి సంపాదించినా, కొండను చూపించి సంపాదించినా ఆ కొండ అదే, ఆ జనం వాళ్ళే. బొర్రా గుహల చుట్టుపక్కల గనుల మీద వచ్చిన తీర్పు స్ఫూర్తిని బొర్రా గుహల టిక్కెట్టుకే అన్వయించకపోతే ఎలా? ప్రవేశ రుసుములో కనీసం అయిదో వంతు ఆ పంచాయతీ గ్రామసభ చేతికి నేరుగా చేరాలని నేను అడుగుతున్నాను. సొమ్మొకరిది, సోకొకరిది కాకూడదు.

"అయితే మన్యాన్ని గాజు పెట్టెలో పెట్టి తాళం వేయమంటారా? అక్కడి కుర్రాళ్ళకు సంపాదన వద్దా?" అని అడిగేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్నే. మన్యం యువత అతిథులు రావద్దని అనడం లేదు, రావాలనే అంటోంది. బొంగులో చికెన్ అమ్మే కుర్రాడికి, జలపాతం దారి చూపించే పిల్లాడికి మన రాక బతుకుతెరువే. నేను అడిగేది రాకపోకల గురించి కాదు, పెత్తనం గురించి. మారేడుమిల్లిలో అటవీ శాఖ స్థానిక వన సంరక్షణ సమితుల చేత అతిథి గృహాలు నడిపించింది. తలకోనలోనూ ఆ పద్ధతి ఉంది. లోపాలుండవచ్చు, దిద్దుకోవచ్చు. కానీ ఊరి చేతిలో పెడితే నడవదన్న వాదన అక్కడే వీగిపోయింది.

తెలంగాణలో పోచంపల్లిని చూడండి. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అక్కడ ఏ రోప్‌వే ఉందని? మగ్గం ఉంది, ఇక్కత్ నేసే చేతులున్నాయి. 1951లో వినోబా ముందు ఒక భూస్వామి వంద ఎకరాలు ఇచ్చి భూదానోద్యమానికి నాంది పలికిన చరిత్ర ఉంది. ఊరు తన పని తాను చేసుకుంటూ ఉంటే ఆ పనే చూడదగ్గది అయింది. భూమి పంచుకున్నందుకు పేరు పొందిన ఊరు అది. మన్యంలో మాత్రం భూమి లాక్కోకపోతే పేరు రాదంటున్నాం.

భద్రత మాట కూడా చెప్పాలి. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో పర్యాటక బోటు మునిగింది. బతికి బయటపడ్డవాళ్ళను ఒడ్డుకు చేర్చింది ఆ దగ్గరి ఊళ్ళ గిరిజనులే, తమ పడవలేసుకుని వెళ్ళి. నెల దాటాక నదీగర్భం నుంచి బోటును పైకి లాగింది కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం. అక్కడి నదిని చదివినవాళ్ళు ఆ గిరిజనులు. ఆ రోజు వరదలో బయల్దేరవచ్చా అని ముందు ఆ ఒడ్డు జనాన్ని అడిగే ఏర్పాటు మనకు ఉండాల్సింది. ప్రతి జలపాతం దగ్గరా ఏ బండ జారుతుందో, ఏ మడుగులో సుడి ఉందో ఆ ఊరి పిల్లాడికి తెలుసు. వాడి మాటకు అధికారం ఇవ్వండి, "ఇవాళ దిగొద్దు" అని వాడు అంటే అది చెల్లేలా చేయండి. దానికన్నా చవకైన ప్రాణరక్షణ ఇంకోటి లేదు.

కాబట్టి నేను కోరేవి ఇవి. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు తమ వనరులను, ఆచారాలను కాపాడుకునే అధికారం ఇచ్చింది. మన రాష్ట్రంలో దానికి 2011లో నిబంధనలూ వచ్చాయి. మన్యంలో పర్యాటకం పేరుతో ఏం కట్టాలన్నా ముందు ఆ ఊరి గ్రామసభ తీర్మానం ఉండాలి, అదీ ఊరివాళ్ళకు అర్థమయ్యే భాషలో అన్నీ చెప్పాక చేసినదై ఉండాలి. 1/70 జోలికి ఎవరూ పోకూడదు. గిరిజనుల పేరు పెట్టుకుని బయటివాళ్ళు నడిపే బినామీ లాడ్జీల లెక్క తేల్చాలి. రిసార్టులకు ఇద్దామనుకుంటున్న రాయితీలు గిరిజన కుటుంబాల అతిథి గదులకు, మహిళా సంఘాల భోజనశాలలకు అప్పుగా, శిక్షణగా ఇవ్వాలి. వారాంతాల్లో బళ్ళకు హద్దు పెట్టాలి. రోప్‌వే కన్నా ముందు మరుగుదొడ్లు, రిసార్టు రోడ్డు కన్నా ముందు డోలీ దారి.

పాఠకులకూ ఒక మాట. ఈ చలికాలం మీరూ కొండెక్కుతారు. ఎక్కండి. తీసుకెళ్ళిన సీసా తిరిగి తెచ్చుకోండి. గిరిజనుల ఇంటి గది దొరికితే అందులోనే ఉండండి. కాఫీ పొడి వాళ్ళ సంఘం దగ్గరే కొనండి. ఆడుతున్నవాళ్ళను అడగకుండా ఫొటో తీయకండి. తిరిగి వచ్చాక, మన్యంలో ఫలానాది కట్టబోతున్నారని పేపర్లో చదివితే, ఎంత పెట్టుబడి అని కాకుండా ఆ ఊరి గ్రామసభ ఏమందని అడగండి. ఆ తీర్మానం లేకుండా పడిన శంకుస్థాపన రాయి ఏ మంత్రి చేతుల మీదుగా పడినా, అది మన్యం అభివృద్ధికి వేసిన రాయి కాదు.